ఓడెల్ పెట్టె

భర్త ఓడెల్ పోయిన ఏడాదికి, అతను సొంతంగా తయారుచేసిన ఆంప్లిఫైయర్‌ పెట్టెను అమ్ముతానని వెర్నా పేపర్లో ప్రకటన వేయించింది. ఎవరొస్తారో ఆమెకు తెలుసు. వాడే రావాలని ఆమె కోరిక కూడా.

మర్నాడు పొద్దున్నే రాయిస్ టిడ్వెల్ పికప్ వాకిట్లో ఆగింది.

"ఎన్నాళ్ళకి కనికరించావు వెర్నా!" అంటూ టోపీ తీశాడు. "ఓడెల్ బతికున్నన్నాళ్ళూ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇవ్వనంటే ఇవ్వనన్నాడు."

"ఆయనకి రోషమెక్కువ. నాకు ఓపికెక్కువ" అంది వెర్నా.

రాయిస్ డాన్సు హాల్లో స్టీల్ గిటార్ వాయిస్తాడు. బల్లలా ముందు పరుచుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయించే గిటార్ అది. ముప్పై ఏళ్ల కిందట అతని పేరుతో 'ఆఖరి బస్సు' అని ఒక రికార్డు వచ్చింది. టెక్సస్‌లో ఆ పాట మోగని బీరు కొట్టు లేదు. అందులో స్టీల్ గిటార్ మనిషిలా ఏడుస్తుంది. తర్వాత హాల్లో అతనెన్నిసార్లు వాయించినా ఆ ఏడుపు మళ్ళీ రాలేదు. ఎవరడిగినా రాయిస్‌ది ఒకటే జవాబు: "రికార్డు నాడు ఓడెల్ పెట్టె ఉంది. ఇప్పుడు లేదు. నన్నేం చెయ్యమంటారు?"

జనం నమ్మారు. స్టీల్ గిటార్ వాయించేవాళ్ళకి దేవుడి మీద కంటే పెట్టె మీదే నమ్మకం ఎక్కువ.

ఇప్పుడు హాలుకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఈ శనివారం పండగ. ఆ పాట రికార్డులోలాగే పలకాలి, లేకపోతే నీ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడతానని యజమాని క్లీట్ తేల్చి చెప్పాడు.

"ఎంతిమ్మంటావో చెప్పు" అన్నాడు రాయిస్.

"డబ్బెవరిక్కావాలి? ఇప్పుడు నువ్వు వాడుతున్న పెట్టె నాకిచ్చెయ్."

"ఆ రేకు డబ్బానా! ఏం, అందులో కోళ్ళని పెంచుతావా?"

"నా తిప్పలు నేను పడతాను. ఒక్కటి చెప్పు రాయిస్. ఆ రికార్డు మీద నీ పేరెందుకు వేసుకున్నావు?"

రాయిస్ గుమ్మం వైపు చూశాడు. ఇంట్లో వాళ్ళిద్దరే ఉన్నారు.

"పాతవన్నీ ఇప్పుడెందుకు తవ్వుతావు? అట్ట మీద ఆ పేరు వేస్తే ఎవడూ కొనడని కంపెనీవాళ్ళే అన్నారు. అయినా వాయించిన చేతులదేముంది? ఈ పెట్టె ఉంటే కోతి చేతికిచ్చినా అలాగే పలుకుతుంది."

వెర్నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం కాఫీ పోసింది.

"లోపలి గాజు వాల్వులు మార్చాలి. శనివారం సాయంత్రం నేనే హాలుకు తెచ్చి పెడతాను" అంది.

ఆ వారమంతా ఆమె పెట్టె ముందే కూర్చుంది. కాలిపోయిన వాల్వులు తీసి కొత్తవి వేసింది. ఉబ్బిన కండెన్సర్లు మార్చింది. ప్లగ్గు పీకేసినా వాటిలో కరెంటు దాక్కుని ఉంటుంది. దాన్ని పూర్తిగా దింపేశాకే లోపల చెయ్యి పెట్టింది. ఓడెల్ నేర్పిన పని అది. తిప్పితే బరబరమనే మీటలన్నీ శుభ్రం చేసింది.

పక్కింటి లర్లీన్ మొక్కజొన్న రొట్టె పట్టుకుని వచ్చింది.

"పొద్దున ఆ రికార్డు పెట్టావు కదూ? మా వంటింట్లోకి వినిపించింది. ఏడుపాగలేదనుకో."

వెర్నా పెట్టె మీదికి ఇంకాస్త వంగింది.

"ఏమే, దీన్ని రాయిస్‌కిస్తున్నావటగా, నీకు మతిగానీ పోయిందా? ఆ పాట రాయిస్ వాయించింది కాదని నాకెప్పటినుంచో అనుమానం. వాయించింది మీ ఓడెలేగా?"

"రాయిస్ మాత్రం కాదు" అంది వెర్నా, స్క్రూ బిగిస్తూ.

"మరి ఆ దొంగకి పెట్టె అప్పగిస్తావా? కనీసం ఒక వైరైనా వదులుగా ఉంచు. పదిమందిలో షాకు కొట్టి ఎగిరిపడతాడు!"

"ఛీ ఛీ. ఇందులో వెంట్రుకవాసి లోపం ఉండకూడదు. పెట్టె బాగాలేదనే మాట వాడి నోట మళ్ళీ రాకూడదు."

"ఇదేం పగే తల్లీ!" అని లర్లీన్ బుగ్గలు నొక్కుకుంది.

శనివారం హాలు కిక్కిరిసింది. బయట మాంసం కాలుతున్న పొగ, లోపల బీరు వాసన. వెర్నా పెట్టెను వేదిక మీద పెట్టి, గిటార్ వైరు దానికి తగిలించి, ముందు వరసలో కూర్చుంది. రాయిస్ తన రేకు డబ్బాను కాలితో మూలకి తోసి, జనానికి టోపీ ఊపి, ఇనుప కడ్డీ అందుకుని 'ఆఖరి బస్సు' మొదలెట్టాడు.

పెట్టె గొంతు గంటలా ఉంది. అదే వచ్చిన చిక్కు. రేకు డబ్బా ఇన్నాళ్ళూ రాయిస్ తప్పుల్ని రొదలో కలిపేసేది. ఇది ఒక్కటీ దాచలేదు. తీగల మీద కడ్డీ కాస్త జారినా హాలు చివరిదాకా వినపడింది. జంటలు డాన్సు ఆపేశాయి.

"బస్సుకి బ్రేకులు ఫెయిలయ్యాయిరోయ్!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. హాలంతా గొల్లుమంది.

రాయిస్ దిగ్గున లేచాడు. "ఈ వెర్నా పెట్టెను చెడగొట్టింది! కావాలనే చెడగొట్టింది!"

క్లీట్ వెర్నా వైపు చూశాడు. ఆమె నిదానంగా మెట్లెక్కింది.

"పెట్టె బంగారంలా ఉంది. కోతి చేతికిచ్చినా పలుకుతుందన్నావుగా రాయిస్?"

రాయిస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "వెర్నా, నీకు పుణ్యముంటుంది. అది మాత్రం వద్దు" అని గొణిగాడు.

ఆమె ఓడెల్ పెట్టె నుంచి గిటార్ వైరు పీకింది. మూలనున్న రేకు డబ్బాను ముందుకి లాగి, దానికి తగిలించింది.

అతను లేచిన కుర్చీలో కూర్చుని వెర్నా కడ్డీని తీగల మీద ఆనించగానే, ఆ రేకు డబ్బాలోంచి ముప్పై ఏళ్ల కిందటి 'ఆఖరి బస్సు' ఒక్క పలుకు తేడా లేకుండా ఏడ్చింది.