ఎంగిలి పొట్టు

పొద్దుతిరుగుడు గింజల పొట్టు వచ్చి డార్బీ కొత్త బూటు పక్కన పడింది.

"ఛీ, మనిషివేనా నువ్వు?" అన్నాడు డార్బీ.

ఉమ్మినవాడు నవ్వాడు. పేరు ఎవరిస్తో. నలభైకి దగ్గరపడ్డ మనిషి. బుగ్గలో ఎప్పుడూ గుప్పెడు గింజలు, గడ్డం మీద ఎప్పుడూ తడి. ఎన్నో జట్లు తిరిగి తిరిగి, ఈ ఫిబ్రవరిలో బ్యాట్ భుజాన వేసుకుని ఫ్లోరిడాలోని బేస్‌బాల్ శిబిరానికి వచ్చిపడ్డాడు. ఎవరూ పిలవలేదని, తనే బతిమాలుకుని వచ్చాడని అందరూ చెప్పుకున్నారు.

డార్బీ బంతి విసిరేవాడు. కుర్రాడు.

సీజన్ మొదలయ్యేలోపు జట్టులో మిగిలింది ఒక్కటే చోటు. అది బంతి విసిరేవాడికి ఇవ్వాలా, బ్యాట్ పట్టేవాడికి ఇవ్వాలా అని క్లబ్బువాళ్ళు ఇంకా తేల్చుకోలేదు. అంటే డార్బీ అన్నా ఉండాలి, ఈ ఉమ్ములవాడన్నా ఉండాలి.

ఆ శిబిరమంటేనే డార్బీకి రోత పుట్టింది. పొద్దున్నే వచ్చేసరికి ఎవరో ఒకరి అల్మారా ఖాళీగా ఉంటుంది. నిన్న పక్కన కూర్చుని గుడ్లు తిన్నవాడి పేరు ఇవాళ ఎవరూ ఎత్తరు. పశువుల సంతే నయం, అక్కడ వద్దనేముందు పళ్ళన్నా చూస్తారు.

వాటన్నిటికంటే పెద్ద రోత ఎవరిస్తో. డార్బీ ఏది విసిరినా కొట్టేస్తాడు. నేరుగా దూసుకొచ్చే ఫాస్ట్ బాల్ కొడతాడు, చివర్లో కిందికి వంగే కర్వ్ కూడా కొడతాడు. పైగా ఊరికే నవ్వుతాడు.

ఒకరోజు సాధన అయ్యాక దగ్గరికొచ్చాడు.

"అబ్బాయ్, నీ ఎడమచేతి తొడుగు ఒకసారి..."

గడ్డం మీంచి పొట్టు జారింది. డార్బీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ముందు మూతి తుడుచుకో. తర్వాత పాఠాలు చెబుదువుగాని."

"తుడుచుకున్నా. ఇప్పుడు విను."

"నా విసురు చెడగొట్టి నా చోటు కొట్టేద్దామనా? నీ పని నువ్వు చూసుకో, తాతా."

మర్నాటి నుంచి ఎవరిస్తో, డార్బీ వేసే ప్రతి బంతికీ ముందు ఉమ్మడం మొదలుపెట్టాడు. కావాలనే చేస్తున్నాడని డార్బీ పళ్ళు నూరాడు.

శిబిరంలో చివరి ఆట రోజు వచ్చింది. ఆటకు ముందు డార్బీ గోడవారగా నిలబడి భార్యతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"ఇది మూడో ఏడు. ఈసారీ తీసేస్తే ఇంక బంతి ముట్టుకోను. మీ నాన్న టైర్ల షాపులోనే కూర్చుంటాను. పుట్టబోయేవాణ్ణి పెంచాలి కదా."

వెనక గింజ చిట్లిన చప్పుడైంది. చూస్తే ఎవరిస్తో.

"దొంగచాటుగా వింటున్నావా?"

"దేవుడు చెవులు పెట్టాడు, ఏం చెయ్యను" అని పొట్టు ఉమ్మి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం శిబిరంవాళ్ళే రెండుగా విడిపోయి ఆడే ఆటకి క్లబ్బు పెద్దలు వరసగా కూర్చున్నారు. ఎవరిస్తో బ్యాట్ పట్టుకుని డార్బీ ఎదురుగా నిలబడ్డాడు. అతని వెనక బంతి అందుకునే రూడీ గొంతుక్కూర్చుని, వరసగా మూడుసార్లూ కర్వే వెయ్యమని సైగ చేశాడు.

మూడుసార్లూ ఎవరిస్తో ఉమ్మాడు. మూడుసార్లూ గాలిని కొట్టాడు. మూడు తప్పితే ఔటే.

"ముసలోడి కళ్ళు పోయాయి" అన్నారెవరో. డార్బీకి నవ్వాగలేదు.

సాయంత్రానికి ఎవరిస్తో అల్మారా ఖాళీ అయింది. సంచి భుజాన వేసుకుని డార్బీ దగ్గరికొచ్చాడు. అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ముందుకి చాపాడు.

"ఆ ఎంగిలి చెయ్యి నాకొద్దు" అన్నాడు డార్బీ.

ఎవరిస్తో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సరేలే అబ్బాయ్. బాగా ఆడు."

సీజన్ మొదలైంది. మొదటి ఆటలోనే డార్బీని పోటీ జట్టువాళ్ళు చితకబాదారు. ఏం విసిరినా ముందే తెలిసినట్టు కొట్టారు. కోచ్ అతన్ని మైదానంలోంచి పిలిచేసి, గదిలో తలుపు వేసుకుని మాట్లాడాడు.

"కర్వ్‌కి లోపల బంతి మీద వేళ్ళు సర్దుకునేటప్పుడు నీ తొడుగు విచ్చుకుంటోంది. ఫాస్ట్ బాల్‌కి కదలదు. ఎదుటివాడికి నువ్వే చెప్పేసి వేస్తున్నావు. త్వరగా సరిచేసుకో, లేదా నీ చోటుకి ఇంకొకణ్ణి పిలుస్తాం."

డార్బీ తల దించుకుని వచ్చి అల్మారా ముందు కూలబడ్డాడు. పక్కనే బూట్లు విప్పుతున్న రూడీకి కోచ్ అన్నదంతా చెప్పాడు.

"అయితే ముసలాయన కూడా నీ తొడుగు చూసే కొట్టేవాడన్నమాట" అన్నాడు రూడీ. "నేనది ఒట్టి పాడు అలవాటనుకున్నాను."

"ఏది?"

"ఆ ఉమ్మడం. నువ్వు ఫాస్ట్ బాల్ వేస్తే ముందుకి ఉమ్మేవాడు. కర్వ్ వేస్తే పక్కకి, సరిగ్గా నా ఎడమ బూటు మీదికి. నువ్వు వెయ్యకముందే. నీకు కనిపించాలనే చేశాడేమో మరి. నువ్వేమో అతని మొహం చూడనన్నావు."

అడగకుండా ఉంటే బాగుండునని అనుకుంటూనే డార్బీ అడిగాడు.

"చివరి ఆటలో? నేను ఔట్ చేసినప్పుడు?"

రూడీ నవ్వాడు.

"ఆ రోజా? మూడు బంతులకీ బూటు మీదే ఉమ్మాడు మహానుభావుడు. మర్నాడు కొత్తవి తెచ్చుకున్నాను."

డార్బీ తన కుడి అరచేతిని చూసుకున్నాడు. దాన్ని చూస్తేనే రోత పుట్టింది.

ఏ బంతి వస్తుందో మూడుసార్లూ ముందే తెలిసి, మూడుసార్లూ గాలిని కొట్టిన మనిషి చెయ్యి చాపితే, ఎంగిలి అని ముట్టుకోనిది ఈ చెయ్యే.