నలభయ్యో ఛానల్లో మెర్వ్ ప్రసంగం

మీరు సిగ్గులేని శ్రోతలు! పక్కింటాయన పెళ్ళాం నోరు మూయిస్తుంటే గోడకి చెవి ఆనించి నవ్వుకుంటారే తప్ప, వెళ్ళి తలుపు తట్టరు. ఆస్ట్రేలియాలోని నలార్బర్ ఎడారి రోడ్డు మీద మేం లారీవాళ్ళమూ అదే చేశాం.

నా ముందు నత్తలా పోతున్న క్యాంపర్ వ్యాన్లో, అదే వంటా పడకా ఉన్న బండిలో, లారీవాళ్ళమంతా వినే నలభయ్యో ఛానల్ రేడియో మైకు బటన్ నొక్కుకుపోయింది. అలా అయితే వాళ్ళ మాటలు రోడ్డంతా వినిపిస్తాయి, మా మాటలు వాళ్ళకి చేరవు. పక్కకి తప్పుకోమని అడగడానికైనా వీల్లేదు.

"స్టీరింగు నీకెందుకే గ్లెనిస్? టీ కాచు, చాలు!"

"నాకూ లైసెన్సుంది, మెర్వ్."

"రేడియో కూడా ముట్టుకోకు. ఈ లారీ గాడిదలతో మాట్లాడ్డం మగాళ్ళ పని."

గాడిదలమంతా పగలబడి నవ్వాం. పెట్రోలు బంకు దగ్గర వ్యాన్ ఆగగానే లారీలు దిగి చుట్టూ మూగాం.

"అమ్మా, మీ మైకు ఎక్కడో ఇరుక్కుంది, చూసుకోండి" అన్నాను జాలిగా.

గ్లెనిస్ తొడ కింద నుంచి మైకు తీసింది. "ఇరుక్కోలేదు నాయనా. పొద్దుట్నుంచీ నేనే నొక్కిపట్టుకుని కూర్చున్నా. ఇన్నేళ్ళూ ఈయన మాటలకి ఒక్క సాక్షీ లేడు. ఇవాళ రోడ్డంతా సాక్షే."

మెర్వ్ నోరు తెరిచాడు. ఆవిడ మళ్ళీ బటన్ నొక్కింది.

"అందరూ వినండి. నా డిమాండ్లు ఇవి.
స్టీరింగు నాకివ్వాలి.
మైకు నా దగ్గరే ఉండాలి.
టీ మెర్వ్ కాయాలి.
విని నవ్విన ప్రతి గాడిదా ఇదే ఛానల్లో క్షమాపణ చెప్పాలి. ముందు ఈ జాలిపడ్డ నాయన."