తొమ్మిదో మలుపు

"చూడండి మామయ్యగారూ, నిండుకుండలా ఉంది!"

అల్లుడు డిప్‌స్టిక్‌ను మామగారి ముక్కు దాకా తెచ్చాడు. గేర్‌బాక్సులో ఆయిల్ ఎంతుందో చూపించే ఆ పొడుగాటి పుల్ల మీద ఎర్రటి తడి పై గీతను కూడా దాటింది.

"నిండుకుండ తొణకదంటారు. కొండెక్కుతుందని మాత్రం ఎవరూ అనలేదు" అన్నారు మామగారు.

"ఎక్కకపోతే అమ్మేస్తానన్నానుగా!"

పందెం అదే. అల్లుడు ఓ పాత మోటార్‌హోమ్ కొన్నాడు. మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ బండిలోనే. ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, భార్యతో కలిసి అందులో దేశమంతా తిరగాలని అతని కోరిక. లెక్కల మాస్టారుగా రిటైరైన మామగారికి ఆ లెక్క ఎంతకీ తేలలేదు.

"ఎదురుగా ఉన్న కొండ ఎక్కించు, మళ్ళీ నోరెత్తను. మధ్యలో ఆగిందో, బండి అమ్మేసి బుద్ధిగా ఆఫీసుకు పో" అన్నారు.

మామగారు, కూతురు, అల్లుడు ముగ్గురూ కొండ కింద బళ్ళు ఆపుకునే మైదానంలో ముందురోజే మకాం వేశారు. టిఫిన్ అయింది. ఇక బయల్దేరడమే.

"ఇంజన్ ఆపి చూస్తే అలాగే కనబడుతుంది బాబూ."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. కుళాయి దగ్గర ఎవరో పెద్దావిడ చేతులు కడుక్కుంటోంది. మగవాళ్ళ చొక్కా, వెలిసిపోయిన టోపీ.

"మా బండి సంగతి మీకెలా తెలుసండీ?" అన్నాడు అల్లుడు.

"నిన్న మీరొస్తుంటే విన్నాను. గేరు మారడానికి మరీ మొహమాటపడుతోంది."

కూతురు ఫక్కున నవ్వింది. అల్లుడికి నవ్వు రాలేదు. మామగారి ముందు పరువు పోతుంటే ఎలా వస్తుంది?

"ఎవరో గ్యారేజీ మనిషి. లేని రోగం చెప్పి మందు అంటగడతారు" అని భార్య చెవిలో గుసగుసలాడాడు.

పాపం, అతని గొంతు గుసగుసలకు పనికొచ్చేది కాదు.

"మందు సంగతి తర్వాత చూద్దాం, ముందు నాడి చూడనివ్వండి" అంది ఆవిడ, ఏమీ అనుకోకుండా.

అల్లుడు కదల్లేదు. కూతురే స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆవిడ చెప్పినట్టు కాసేపు అటూ ఇటూ తిప్పి, బండిని వేడెక్కించి, ఎత్తుపల్లాల్లేని చోట ఆపింది.

"ఇంజన్ ఆపకమ్మా. బ్రేకు మీంచి కాలు తియ్యకుండా గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి, మళ్ళీ పార్కింగులోకి రా."

ఆవిడ డిప్‌స్టిక్ తీసి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టి తీసింది.

తడి ఈసారి కింది గీతను కూడా అందుకోలేదు.

"ఇదేం చోద్యం! ఇందాక పొంగిపొర్లింది కదా?" అన్నారు మామగారు.

"ఇంజన్ ఆపితే ఆయిలంతా కిందికి జారి, పుల్ల మునిగే అడుక్కి చేరుతుందండీ. పనిలో ఉన్నప్పుడు సరిపోతుందో లేదో పనిలో ఉన్నప్పుడే చూడాలి."

"మా ఇంట్లో కొందరు మనుషులూ అంతే" అన్నారు మామగారు అల్లుడి వైపు చూస్తూ.

ఆవిడ ఒక్క చుక్కను తెల్ల కాగితం మీద వేసింది. అది ఎర్రగా పాకింది. వాసన చూసింది.

"మాడు కంపు లేదు. బతికిపోయారు. ఇలాగే ఎక్కితే మాత్రం తొమ్మిదో మలుపు దాటేది కాదు."

డిప్‌స్టిక్ మీద చెక్కిన అక్షరాలు చదివి, పక్కనున్న రేకుల షెడ్డులోకి వెళ్ళి, అదే రకం ఆయిల్ సీసా, పొడవు గరాటు తెచ్చింది. కొంచెం పోయడం, చూడడం. మళ్ళీ కొంచెం పోయడం, చూడడం.

"ఒకేసారి పోసేయొచ్చుగా?" విసుక్కున్నాడు అల్లుడు.

"ఎక్కువైతే నురగ కడుతుంది బాబూ. తక్కువైతే ఎంత ముప్పో, ఎక్కువైనా అంతే."

తడి పై గీత దగ్గరికొచ్చి ఆగింది.

"ఎంతివ్వమంటారు?" ముభావంగా అడిగాడు.

"పైన మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయి. చూసి రండి, చాలు."

ఇందులో ఏదో కిటుకు ఉండే ఉంటుందనుకున్నాడు అల్లుడు. థాంక్స్ కూడా చెప్పకుండా బండి పోనిచ్చాడు.

మామగారు వేళ్ళు మడిచి మలుపులు లెక్కపెట్టారు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో మలుపు గోడలా నిలబడి ఉంది. బండిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. గేరు మెత్తగా మారింది. బండి గునగునా ఎక్కేసింది.

పద్నాలుగో మలుపు దగ్గర మామగారు కూనిరాగం మొదలుపెట్టారు.

శిఖరం మీద దిగి, కాళ్ళ కింది మబ్బుల్ని కరువుతీరా చూశారు.

"అల్లుడుగారూ!" అన్నారు, పెళ్ళయ్యాక మొదటిసారి 'గారు' చేర్చి. "ఏడాదేం సరిపోతుంది? రెండేళ్ళు తిరుగుదాం. కిటికీ పక్క సీటు నాది."

అల్లుడికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే సిగ్గేసింది.

"ఆవిడకో మంచి మాట కూడా చెప్పలేదు. వెనక్కి వెళ్దాం పదండి."

శిఖరం మీది గేటు దగ్గరే కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ దారి ఎక్కడానికేనండీ. దిగేది అవతలి వైపు."

"కింద టోపీ పెట్టుకున్న ఆవిడ ఉన్నారే, ఆవిడది ఏ గ్యారేజీ?"

"ఆయిల్ చూసి పంపిందా?" కాపలాదారు పెద్దగా నవ్వాడు. "గ్యారేజీ లేదు, ఏమీ లేదు. వద్దన్నా వినదు, వచ్చిన ప్రతి బండికీ ఇదే వరస. అందుకే ఆవిడ లారీ షెడ్డులోంచి కదిలి నెల దాటింది."

"ఏం లారీ?"

"ఈ కొండ మీద ఆగిపోయిన బళ్ళను కిందికి లాక్కెళ్ళే లారీ అండీ, ఆవిడ బతుకుతెరువు అదొక్కటే."