దొరసాని జబ్బు

"ఏమిటండీ ఆ నెత్తురు?"

పొద్దున్నే బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వచ్చిన ఆమె బకెట్ అక్కడే దించేసింది. ఆయన కోడిగూడు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గూటి కింద రేకులో పరిచిన రంపపు పొట్టు మీద ఎర్రటి మరకలు. చేతిలో తువ్వాలుకూ అదే ఎరుపు.

ఆయన రేకు వంక చూశాడు. గూటి వంక చూశాడు.

"కోడికి పడుతున్నట్టుంది," అన్నాడు.

గూట్లో దొరసాని మెడ లోపలికి లాక్కుని, ఈకలు ఉబ్బించుకుని ఓ మూల కూర్చుంది.

అది అల్లాటప్పా కోడి కాదు. అమ్మ పెంచిన కోడి. అమ్మ పోయాక అక్క గాజులు తీసుకుంది. వదిన ఇత్తడి బిందెలు సర్దుకుంది. ఈవిడ వాటాకు కోడి మిగిలింది. అదే పదివేలనుకుని, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ తెచ్చుకుంది. ఆయన పని కోత మిల్లులో. అక్కడ పారేసిన చెక్కలతో గూడు కొట్టి, అడుగున ఇనుప జాలీ వేసి, రెట్ట పడడానికి దాని కింద బయటికి లాగే రేకు పెట్టాడు. మిల్లు నుంచి పొట్టు తేవడం, పొద్దున్నే లేచి మార్చడం, అన్నీ ఆయనే. ఆ పొట్టుకి దగ్గు వస్తుంది గానీ, మిల్లులో దగ్గనివాడెవడు?

ఆమె పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"కోడేదమ్మా?"

"మోసుకొస్తే దారిలోనే పోతుందేమోనని భయమేసిందండీ."

"నెత్తురు పడుతోంది, ముడుచుకుని కూర్చుంటోంది. అంతేగా? రక్తపారుడు. పేగుల్లో కంటికి కనపడని పురుగు చేరి లోపలంతా తినేస్తుంది. ఈ పొడి నీళ్ళలో కలిపి పట్టించు. వేరే నీళ్ళు పెట్టొద్దు. గూడు మాత్రం పొడిగా ఉండాలి."

"బతుకుతుందాండీ?"

"ముందే కనిపెట్టారు కాబట్టి ఆశ ఉంది."

ఇక ఆమెకు వేరే లోకం లేకుండా పోయింది. ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్కగా మందునీళ్ళు ముక్కులో పోసింది. గుడ్డు ఉడికించి, పచ్చసొన చిదిపి వేలితో తినిపించింది. చలి తగలకుండా గూట్లో బల్బు వేలాడదీసింది.

పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసి ముక్కున వేలేసుకుంది. "కోడికి కోడిగుడ్డు పెడుతున్నావుటే? బాగుంది సంబడం. మీ ఆయన్ని చూడు, ఈ కోడి బెంగతో చిక్కి సగమయ్యాడు. ఆ గుడ్డేదో ఆయనకు పెట్టరాదూ?"

"పెడితే తినడే పిన్నీ. ఇది లేస్తే గానీ ఆయనకూ ముద్ద దిగేట్టు లేదు."

ఓ సాయంత్రం కోడిని ఒళ్ళో పెట్టుకుని ఆమె ఉన్నట్టుండి ఏడ్చింది.

"అమ్మకి ఎన్నాళ్ళుగానో కడుపులో నొప్పటండీ. చెబితే మేమంతా కంగారు పడతామని నోరు విప్పలేదు. ముందే చెప్పుంటే కళ్ళలో పెట్టుకుని చూసుకునేదాన్ని. ఇది నయం. దాచుకోవడం దీనికి చేతకాదు."

ఆయన లేచి రేకు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

మందు పనిచేసింది. దొరసాని జుట్టు మళ్ళీ ఎర్రబడింది. గింజలు ఏరుకుంది. ఆమె గాజుల్ని పొడిచి అల్లరి కూడా చేసింది. కానీ ఆయన తువ్వాలు మాత్రం రోజూ ఎర్రగానే ఉతుక్కి వచ్చేది. రేకు తుడిస్తే అంటిందనేవాడు.

"శుభ్రంగా తింటోంది కదండీ. మరి నెత్తురు ఎందుకు ఆగదు?"

"లోపలి పుండు. అంత తొందరగా మానుతుందా? నువ్వు మాత్రం రేకు జోలికి రాకు. ఆ పురుగు మంచిది కాదు. నేను చూసుకుంటాగా."

ఎంత మంచి మనిషి, అనుకుంది ఆమె. అనుకున్నా మనసు ఊరుకోలేదు. ఆయన మిల్లుకెళ్ళాక దొరసానిని బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి నడిచింది.

డాక్టరు కోడి నోరు తెరిచి చూశాడు. పొట్ట నొక్కి చూశాడు. తూకం వేశాడు.

"నిక్షేపంలా ఉందమ్మా. అయినా నెత్తురు పడుతోందంటున్నావు కాబట్టి రెట్ట పరీక్ష చేద్దాం. రేపు రా, తేలుస్తాను."

ఇంటికొచ్చి, చీకటి పడకముందే గూటి మీద రోజూలాగే గోనెపట్టా కప్పింది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన సంగతి ఆయనతో అనలేదు. రోజంతా రంపాల మధ్య నలిగి వచ్చే మనిషి. పరీక్షలో ఏం తేలుతుందో ఏమో, ముందే బెంగపెట్టడం దేనికి? ఆయన రెండు ముద్దలు కతికి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి ఆమె టీ కాస్తుంటే ఆయన పెరట్లోంచి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. తువ్వాలు మడత పెట్టి ఆమె పక్కన గట్టు మీద పెట్టాడు.

"పాపం, దొరసానికి ఇవాళ కూడా పడింది. నిన్నటికంటే ఎక్కువే. ఇప్పుడే రేకు మార్చి వస్తున్నాను. మందు మాత్రం ఆపకు."

ఆమె తువ్వాలు విప్పింది. తడి ఇంకా ఆరలేదు. టీ పొంగి పొయ్యి మీద పడుతున్నా ఆమె చెయ్యి కదల్లేదు.

పరీక్షకని నిన్న డాక్టరు తన దగ్గరే ఉంచేసుకున్న దొరసాని ఇంకా ఆసుపత్రి బోనులోనే ఉంది.