తువ్వాలు కింది బేరం

“ఎడమచేత్తో పెడతావేందే? వచ్చినోడు ఈరన్న, నా పాణం నిలబెట్టినోడు!” ధనుంజయ భార్యను కసిరాడు.

“కుడిచెయ్యి బెంగళూరులో తలుపు సందున పడింది గదా,” అంటూ ఉమాదేవి గుడ్డ చుట్టిన వేళ్లు చూపించి, ఉగ్గాని పళ్లెం ఈరన్న ముందు పెట్టింది.

ఈరన్న నవ్వాడు. “కసురుకుంటాండావంటే బాగైనట్టేలేన్నా.”

నిజమే. తండ్రి పోయినప్పటి నుంచి మొన్నటిదాకా ధనుంజయకు కసిరే ఓపిక కూడా లేదు. ఆదోని పత్తి యార్డులో దలాలి పని వదిలేశాడు. మాత్రలు మింగుతూనే ఉన్నాడు, లోపల మునుగుతూనే ఉన్నాడు. ఒకరోజు మంత్రాలయం వంతెన మీద నిలబడితే ఈరన్నే లాక్కొచ్చాడు. బుద్ధి చెప్పడానికి ఊరంతా వచ్చింది. పక్కన కూర్చోవడానికి మాత్రం ఎవరికీ తీరలేదు.

“బెంగళూరు ఆస్పత్రిలో ఏం జేసినారన్నా?”

“పుట్టగొడుగుల్లోంచి తీసిన మందంటప్పా. ఇంకా పరీక్షల్లోనే ఉందంట. అది మింగించి, కండ్లకు గంతలు కట్టి పండబెట్టినారు. ఈమెను బయట బెంచీ మీద కూసోమన్న్యారు. కొంచేపటికి మంచం కింద నేల లేనట్టయింది. బయమేసి ‘నాయనా’ అని అరిస్తి. వచ్చినాడు!”

“ఎవరు?”

“మా నాయనే! మీద తువ్వాలు కప్పి నా చెయ్యి పట్టుకున్న్యాడు.”

వాళ్ల యార్డులో పాత దలాలీలు ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుంటారు. ఐదు వేళ్లూ కలిపి నొక్కితే బేరం కుదిరినట్టు, విదిలిస్తే లేనట్టు.

“నీ ఎంబడే వస్తానని నొక్కితి. విదిలించినాడు. వేళ్లు నలిగేటట్టు నొక్కితి. ఊహూఁ! ఆఖరుకు ‘సరే, ఈడే ఉంటాలే’ అంటి. అప్పుడు ఐదు వేళ్లూ కలిపి నొక్కినాడప్పా!”

ఈరన్న పళ్లెం పక్కన పెట్టాడు.

“నర్సమ్మ పట్టుకునిందేమోన్నా?”

“బెంగళూరు నర్సుకు మన బేరం యాడ తెలుస్తుంది?”

“వదినా, మీ నాయనా ఎమ్మిగనూరులో దలాలే గదా, నీకేమన్నా తెలుసా?”

“ఆడోళ్లను యార్డులోకి యాడ రానిస్తారు ఈరన్నా!”

ధనుంజయ లేచి తండ్రి ఫోటోకు దండం పెట్టాడు. “నాయనా, నువ్వూ ఆ మందూ లేకుంటే నేను లేను.”

ఉమాదేవి కూడా, నొప్పిని ఓర్చుకుంటూ, చేతులు జోడించింది. “మామకు ఇచ్చిన మాట తప్పొద్దు మరి.”

తువ్వాలు కింద నలిగిన వేళ్లు ఆమెవే.