మూడో గుండీ

"హంతకుడు గుమస్తానే!" అంది టైలరమ్మ మూడోసారి.

గదిలో ఉన్న నలుగురూ ఒకేసారి నిట్టూర్చారు.

గ్రంథాలయం మేడ మీద డిటెక్టివ్ నవలల బృందం శనివారం సమావేశం. ఇందులో చేరాలంటే మూడు వారాలు చర్చల్లో నెగ్గుకురావాలి. టైలరమ్మకి ఇది మూడో వారం. ఇంట్లో పుస్తకం గురించి మాట్లాడుకోవడానికి మనిషి లేడు. మొగుడికి కథ చెప్పబోతే రెండో వాక్యానికే గురక పెడతాడు. అందుకే కొట్టు మూసుకుని మరీ వచ్చింది. ఎలాగైనా ఈ బృందంలో చోటు దొరకాలి.

"చూడమ్మా," అన్నాడు అధ్యక్షుడు. రిటైరైన లెక్చరర్ ఆయన. "పోస్టుమాస్టర్ని ఎవరు చంపారన్నది ఈ నవలలో ముఖ్యం కాదు."

"మరి రెండొందల పేజీలు ఆ ఇన్‌స్పెక్టర్ దేనికి తిరిగాడండీ?"

పళ్ల డాక్టరు కిసుక్కున నవ్వాడు. అధ్యక్షుడి చూపు తగలగానే నవ్వు మింగేశాడు.

"నలభయ్యో పేజీలో శవం కింద గుండీ దొరికింది కదండీ. తొంభయ్యో పేజీలో గుమస్తా కోటు చూడండి. గుండీలన్నీ ఇంటూ గుర్తులా కుట్టి ఉన్నాయి. మూడోది మాత్రం రెండు గీతల్లా ఉంది. అంటే ఊడిపోతే వాడే ఇంట్లో కుట్టుకున్నాడు. ఇరవయ్యేళ్లుగా గుండీలు కుడుతున్నాను, ఆమాత్రం తెలీదా నాకు?"

"అది వర్ణనమ్మా. ఆధారం కాదు."

టైలరమ్మకి ఒళ్లు మండింది.

"ఇన్‌స్పెక్టర్ అందర్నీ హాల్లో నిలబెట్టి వేలెత్తాడు. పేజీ తిప్పితే సముద్రం! ఎవరో ఇద్దరు చేతులు పట్టుకుని ఇసకలో నడుస్తున్నారు. ఎవరండీ వాళ్లు? శవం ఏమైపోయింది?"

"అదీ శిల్పమంటే!" అధ్యక్షుడు కళ్లు మూసుకున్నాడు. "సముద్రమంటే సత్యం. దాని లోతు ఎవరికీ అందదు. ఆ ఇద్దరూ న్యాయం, కాలం."

"న్యాయానికి కాలం ముద్దు పెడుతుందాండీ?"

బ్యాంకు మేనేజరుకి ఏం అర్థమైందో గానీ తల గట్టిగా ఊపి, "ముగింపుకే పదికి తొమ్మిది వేశాను," అన్నాడు.

పక్కనున్న నర్సు టైలరమ్మ చెవిలో గొణిగింది. "బావుందని ఒక్క ముక్క అనెయ్, అక్కా. చేర్చుకుంటారు."

టైలరమ్మ నోరు తెరిచింది. ఒక్క ముక్కే. ఎంత ప్రయత్నించినా అది బయటికి రాలేదు.

"నాకు నచ్చలేదండీ. చంపింది గుమస్తానే."

అధ్యక్షుడు జాలిగా నవ్వి, కాగితం మీద ఆమె పేరు కొట్టేశాడు. "మీరింకా చదవాలమ్మా. వచ్చే ఏడాది చూద్దాం."

సంచీ తీసుకుని బయటికి వచ్చేసింది. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అసలు తనకి చదవడమే చేతకాదేమో అన్న అనుమానం మొదటిసారి పట్టుకుంది.

వరండా చివరి గదిలో ప్రేమ నవలల బృందం మంచి ఊపు మీదుంది. సముద్రపొడ్డుకి బయల్దేరిన ప్రేమికులు పేజీ తిప్పేసరికి మాయమై, ఎవరో ఇన్‌స్పెక్టర్ ఊడిపడి ఒక గుమస్తా కోటు మూడో గుండీ చూపించి బేడీలు వెయ్యడం ప్రేమకి ఎంత గొప్ప ప్రతీకో వాళ్ల అధ్యక్షురాలు కళ్లు మూసుకుని వివరిస్తోంది.