ఏడవడం రాని మనవడు

“వీడు ఏడవడం లేదమ్మా. ఏడ్చేలా చెయ్యి,” అంటూ హనుమాయమ్మ తన ఫోను భానుప్రియ చేతిలో పెట్టింది.

ఎదురు ఫ్లాట్‌లో ఉండే భానుప్రియ ఇంజినీరింగ్ చదువుతోంది. హనుమాయమ్మకు ఒడియా నేర్పడానికి ఆ ఫోనులో ఒక ఏఐ చాట్‌బాట్ తయారుచేసి ఇచ్చింది. అది నాలుగేళ్ల పిల్లాడిలా ఒడియాలో మాట్లాడుతుంది.

“మంచిగున్న పోరన్ని ఏడిపిస్తవా అమ్మమ్మా?”

“ఏమన్నా ఊఁ అంటున్నాడు. నిజం పిల్లాడు అలా ఉంటాడా? అన్నం వద్దనాలి. దగ్గరికి రానని మొండికెయ్యాలి.”

కటక్‌లో పెరిగిన ఆమె మనవడికి తెలుగు ఒక్క ముక్క రాదు. కూతురు విజయదుర్గ, అల్లుడు వాణ్ణి రేపు దిల్‌సుఖ్‌నగర్ తీసుకొస్తున్నారు. ఇక వాడు ఇక్కడే ఉంటాడు.

“గిన్నేండ్లల్ల ఒక్కసారి గూడ పోయి సూడలేదా?”

“వీలు పడలేదమ్మా.”

“ఇప్పుడెందుకు పరేషాన్? నెల తిరిగేసరికి వాడే తెలుగు మాట్లాడ్తడు.”

“ఆ నెలంతా ఎవరితో మాట్లాడతాడు?” అంది హనుమాయమ్మ. “సాగనంపడం నాకు బాగా వచ్చు. అత్తారిళ్లకి, కాటికి ఎంతమందిని సాగనంపానో. రమ్మనడమే చేతకాదు. నన్ను చూసి వాడు బెదిరిపోతే?”

భానుప్రియ బాట్‌కు కొత్త సూచనలు రాసింది. ఫోనులో పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. సాయంత్రందాకా హనుమాయమ్మ వాణ్ణి బుజ్జగిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున ఇద్దరూ ఎల్బీనగర్ వెళ్లారు. కటక్ నుంచి వచ్చిన బస్సు ఆగింది. విజయదుర్గ, అల్లుడు దిగారు. పిల్లాడు మాత్రం మెట్టు మీద కమ్మీ పట్టుకుని ఏడుస్తున్నాడు. విజయదుర్గ ఎత్తుకోబోతే చెయ్యి విదిలించాడు.

“అమ్మమ్మా, ఫోనియ్యాల్నా?”

హనుమాయమ్మ వద్దని తలూపింది. మెట్టు దగ్గరికెళ్లి, “భొక లాగుచి కి?” అంది. ఆకలేస్తోందా అని.

ఏడుపు ఆగింది. వాడు ఆమెను వింతగా చూసి, అదే మాట సరిగ్గా పలికి వినిపించాడు. ఆమె మళ్లీ తప్పే పలికింది. వాడికి నవ్వొచ్చింది. ఫోనులో పిల్లాడు ఎన్నడూ ఆమెను చూసి నవ్వలేదు.

వాడు దిగాడు. కాసేపు తటపటాయించి విజయదుర్గ వేలు పట్టుకున్నాడు.

“మా,” అన్నాడు, “భొక.”

విజయదుర్గ నేలమీదే కూలబడి ఏడ్చేసింది.

“గిదేంది అక్కా, కొడుకు అమ్మా అంటే ఏడుస్తరా?” అంది భానుప్రియ.

“వాణ్ణి నిన్ననే శిశుగృహం నుంచి దత్తత తెచ్చుకున్నారు,” అంది హనుమాయమ్మ.